కాళ్ళవైపు ఆకుపచ్చ

సయీదాకి బహుమతి వచ్చిన రోజు ఆ కార్డు చదివి వినిపించింది నేనే. "రంగుల విషయంలో చూపిన తెగువకు" అని రాశారు జడ్జీలు. హాలంతా వినబడేలా గొంతెత్తి చదివి, ఆమె వీపు మీద ఒక్కటి చరిచాను. "చూశావా, నలభై ఏళ్ళ తర్వాత మారావు!" అన్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా నాలుక మీద వాత పెట్టుకోవాలనిపిస్తుంది.

నా నోరు మంచిది కాదు. అది నాకూ తెలుసు, డార్విన్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. మా ఆయన గోపాలరావుగారు బతికున్నంత కాలం "శ్యామసుందరీ, ముందు మాట్లాడి తర్వాత ఆలోచిస్తావేమిటి" అని విసుక్కునేవారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. విసుక్కునేవాళ్ళు లేక ఇంకా పెరిగింది.

సయీదాది నంద్యాల. దూదేకులవాళ్ళు. బస్టాండు వెనక వాళ్ళ నాన్నకి పరుపుల కొట్టు ఉండేది. ఆయన విల్లు పట్టి దూది ఏకితే, తల్లీ కూతుళ్ళు వెనక వసారాలో బొంతలు కుట్టేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు పాత చీరలూ పంచెలూ మూటగట్టి తెచ్చి పడేస్తే వాటిల్లోంచి నాలుగే రంగులు పైకి తీసేవాడట ఆ పెద్దమనిషి. ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ. మిగతావన్నీ బొంత లోపలికి పోవాల్సిందే. మరో నియమం కూడా ఉండేది. ఆకుపచ్చ పట్టీ ఎప్పుడూ తలవైపే రావాలి. అది దర్గా మీద కప్పే రంగు, మనిషి కాలికి తగలకూడదు. చిన్నప్పుడు ఒకసారి సయీదా మరిచిపోయి కాళ్ళవైపు వేస్తే, కుట్టిందంతా విప్పించి మళ్ళీ కుట్టించాడట. ఆ పూట అన్నం కూడా పెట్టలేదని చెప్పి నవ్వేది.

ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళయినా ఆమె ఆ నాలుగు రంగులు దాటలేదు. ఆసుపత్రి లాండ్రీలో పని. రోజంతా తెల్ల దుప్పట్లు మడిచి మడిచి, ఇంటికి రాగానే ఎర్ర గుడ్డ ముందేసుకుని కూర్చునేది. నేను అదే ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పందొమ్మిదేళ్ళు చేశాను. క్యాంటీన్‌లో ఒకరోజు ఆమె ఫోనులో "ఏమ్మే, పప్పులో ఉప్పేసినావా లేదా?" అని ఎవరినో కేకలేస్తుంటే విని, నా ప్లేటు పట్టుకుని వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను. అంతే. మసీదులో హైదరాబాదు ఆడవాళ్ళు ఉర్దూలో పలకరిస్తే ఈమె తెలుగులో జవాబు చెప్పేది. వాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. "నవ్వుకోనీలే అక్కా. అల్లాకు తెలుగు రాదా?" అనేది నాతో.

ఆమె గర్వపడే విషయం ఒక్కటే ఉండేది, కారు నడపడం. నలభై ఒకటో ఏట నేర్చుకుంది. రెండుసార్లు తప్పి మూడోసారి లైసెన్సు తెచ్చుకుంది. ఆ రోజు లాండ్రీ మొత్తానికి మిఠాయి పంచింది. నాకు ఇప్పటికీ డ్రైవింగ్ రాదు. మా ఆయన పోయాక నేను ఎక్కడికి వెళ్ళాలన్నా ఆమె కారే. గురువారం బొంతల క్లబ్బుకి, శనివారం సంతకి, మధ్యలో నా మోకాళ్ళ డాక్టరు దగ్గరికి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను చేసిన పనులకి ఇదీ ఒక కారణం.

ఆమె భర్త ముస్తాక్ రేవులో ఫ్రీజర్లు మరమ్మతు చేసేవాడు. నేను భాయ్ అని పిలిచేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. మూడేళ్ళ కింద కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. సోమవారం, బుధవారం, శుక్రవారం సయీదా ఆయన్ని కారులో ఎక్కించుకుని ఇరవై అయిదు నిమిషాలు నడిపి తీసుకెళ్ళి, అక్కడే కూర్చుని కుట్టుకుని, మళ్ళీ తీసుకొచ్చేది. దానికోసం లాండ్రీ ఉద్యోగం కూడా మానేసింది. కొడుకు ఇమాద్ మెల్‌బోర్న్ శివార్లలో, క్రాన్‌బర్న్‌లో ఉంటాడు. తన దగ్గరికి వచ్చెయ్యమని వారం వారం ఫోను. వీళ్ళు వెళ్ళరు. "ఆ చలిలో ఈ మనిషి ఎట్ల బతుకుతాడక్కా? ఈడ ఇంత ఎండలోనే వణుకుతాండాడు" అనేది సయీదా. అది నిజమే. రక్తం బయటికి వెళ్ళి తిరిగొస్తుంటే మనిషికి చలి పుడుతుంది. అందుకని ఆ కుర్చీలో కప్పుకోవడానికి ఆయనకి ఎప్పుడూ ఒక బొంత ఉండేది.

ఫిబ్రవరిలో, బయట వాన కుండపోతగా కురుస్తుండగా, క్లబ్బు నడిపే తెల్లావిడ ఒక టోపీలో చీటీలు వేసి తెచ్చింది. ఎవరి చీటీలో ఏ రంగులుంటే వాళ్ళు ఆ రంగులతోనే ఒక బొంత కుట్టాలి. సొంతంగా ఒక్క రంగు మాత్రం కలుపుకోవచ్చు. జూలైలో ప్రదర్శన పెడతారు. సయీదాకి వచ్చినవి నీలం, బూడిద, వంగపండు రంగు, లేత గులాబి. నేను చదివి చెప్పి, "అయిపోయింది, ఇక నువ్వు క్లబ్బు మానేస్తావు" అని ఏడిపించాను. ఆమె చీటీ తీసుకుని దుపట్టా కొసన ముడేసుకుంది. "చేస్తాలే" అంది. నేను తెల్లబోయాను. పెళ్ళికి కూడా గులాబి రంగు కట్టని మనిషి.

ఆ నాలుగు నెలలూ ఆమె నన్ను చంపుకు తిన్నదనుకోండి. సెకండ్‌హ్యాండ్ బట్టల కొట్లన్నీ తిప్పింది. ప్రతి గుడ్డా చేతిలో పెట్టి, "దీన్ని ఇంగ్లీషులో ఏమంటారక్కా?" అని అడిగేది. "పర్పుల్" అంటే ఆ గుడ్డకి ఒక మూలన ముడి వేసేది. "బ్లూ" అంటే రెండు ముళ్ళు. ఈ వయసులో ఇంగ్లీషు నేర్చుకుంటోందని మురిసిపోయాను. టీచరమ్మలా రంగుకి రెండేసి పేర్లు చెప్పాను కూడా. సొంత రంగు ఏమిటని అడిగితే "ఇంగేముండాది, ఆకుపచ్చే. తలవైపు నాయన పట్టీ ఉండాల గదా" అంది.

జూలై నాటికి కుట్టడం అయింది. హాల్లో గోడకి వేలాడదీశారు. నిజం చెప్పాలి, నాకు కళ్ళు చెదిరాయి. నీలం పోయి పోయి బూడిదలో కలిసిపోతోంది. వంగపండు ఉండాల్సిన చోట అక్కడక్కడా కాఫీపొడి రంగు. గులాబి మధ్యలో ఎవరూ అనుకోని తావున పసుపు ముక్క ఒకటి. వరస తప్పిన ప్రతిచోటా ఏదో దిగులు కనబడుతోంది, చూపు తిప్పుకోలేం. తెల్లావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజే బహుమతి, ఆ కార్డు, నా చరుపు.

ముస్తాక్‌ని సయీదా డయాలసిస్ నుంచి నేరుగా హాలుకే తీసుకొచ్చింది, మోచేతికి కట్టు అలాగే ఉంది. బొంత ఎదురుగా నిలబడి పైనుంచి కిందికి చూశాడు. కింది అంచు దగ్గర చాలాసేపు ఆగాడు. సయీదా "ఎట్లుండాది?" అని అడిగితే "బాగుండాది మే" అన్నాడు. ఊళ్ళోవాళ్ళంతా పొగుడుతుంటే ఈయనకి నోట్లోంచి రెండు మాటలు రాలడం లేదేమిటని నాకు మంటెత్తుకొచ్చింది. మొగుడి జాతి అని తిట్టుకుంటూ టీ తాగాను.

ఆగస్టులో ఒక బుధవారం ఆయనకి ఉప్పు లేని ఉప్మా చేసుకుని డయాలసిస్ వార్డుకి వెళ్ళాను. పాత ఉద్యోగిని కాబట్టి అక్కడ నన్నెవరూ ఆపరు. సయీదా ఆ బహుమతి బొంత ఆయన మీద కప్పి, టీ తెస్తానని బయటికి వెళ్ళింది. ఆమె తలుపు దాటగానే ఆయన లేచి కూర్చుని, సూదులు లేని చేత్తో ఆ బొంతని తలకిందులుగా తిప్పబోయాడు. చేతకాలేదు.

"అక్కా, ఆ కొస కొంచెం పట్టుకో" అన్నాడు.

"బహుమతి బొంతకి కూడా వంకలేనా భాయ్?" అంటూనే పట్టుకుని తిప్పాను.

"ఇప్పటిదాకా కాళ్ళకాడ ఏ రంగుండె, చూస్తివా?"

చూశాను. ఆకుపచ్చ. గడ్డి రంగు పట్టీ, ఈ కొస నుంచి ఆ కొస దాకా. తిప్పకముందు తలవైపు ఉన్నది నీలం.

"కొత్త రంగుల్లో పడి మరిచిపోయుంటుంది" అన్నాను.

"ఆమె మరిచిపోదక్కా. నన్నన్నా మరిచిపోతాది గానీ అది మరిచిపోదు. ఆమెకు రెండూ ఒకటే మాదిరి కనబడతాండాయి." ఆయన గొంతు తగ్గించాడు. "సొరుగులో కంటి డాక్టరు కాడి నుంచి వచ్చిన ఉత్తరాలు ఉండాయి. ఒక్కటీ తెరవలేదు. ఆమెకు షుగరు. షుగరు ఉన్నోళ్ళు ఏడాదికొకసారి కండ్లు చూపించుకోవాలంట గదా. నా సూదుల చుట్టూ తిరిగి తిరిగి ఆమె కండ్లు నేనే పోగొట్టినా."

నా చేతిలో ఉప్మా గిన్నె అలాగే ఉండిపోయింది. నాలుగు నెలలు నేను చెప్పిన ఇంగ్లీషు పాఠం ఏమిటో అప్పుడు తెలిసింది. ముడి గుడ్డ మూలనే ఉంటుంది, కత్తిరించిన ముక్కకి ఉండదు. ఒక గుడ్డివాళ్ళ గుంపులా మేమంతా గోడ ముందు నిలబడి తెగువ, తెగువ అని చప్పట్లు కొట్టాం.

"మరి కారు?" అన్నాను.

"నేనుండా గదా పక్కన. సిగ్నలు పడితే చెప్తాండా. మనిషి అడ్డమొస్తే చెప్తాండా. ఊరికే కబుర్లు చెప్తాండానని అనుకుంటాది." బతిమాలుతున్నట్టు చూశాడు. "ఆమెకు చెప్పొద్దక్కా, నాకు తెలుసని."

చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు, ఇమాద్‌కీ చెప్పలేదు. స్నేహం కొద్దీ ఊరుకున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, గురువారం ఉదయం ఆమె కారు హారను వినగానే చెప్పులేసుకుని బయటికి పరిగెత్తిన దాన్ని నేనే. నాకు కారు కావాలి. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

అక్టోబరు వచ్చింది. డార్విన్‌లో వానలకి ముందు వచ్చే ఆ నెలన్నర మనుషులకి పిచ్చెక్కిస్తుంది. ఉక్క, చెమట, మబ్బు పడుతుంది గానీ కురవదు. ఒక శుక్రవారం డయాలసిస్ అయ్యాక వాళ్ళతోపాటు నేనూ కారెక్కాను, వెనక సీట్లో. అప్పుడు మొదటిసారి చెవులు పెట్టి విన్నాను. "ఎర్రది పడె. ఈ ఊర్లో ఎప్పుడూ ఎర్రదే మే. ఆ పడింది, పడింది, గ్రీన్ పడింది. ఆ సైకిలోడు ఎట్ల పోతాండాడో చూడు, ఎడమపక్క." ఎండిపోయిన గొంతుతో, ఆ నీరసంలో, ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. ఆమె మధ్యమధ్య "నీ వాగుడు ఎక్కువైందబ్బా" అని నవ్వుతోంది. ఆ నవ్వు నిజమో కాదో నాకు తెలియలేదు.

బడి దగ్గర మలుపు తిరిగాం. ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. అయిదు సెకన్లు పట్టిందో, పది పట్టిందో. రోడ్డు దాటే చారల మీద ఒక అమ్మాయి పసిబిడ్డ బండి తోసుకుంటూ వస్తోంది. కారు ఆగడం లేదు. ఎప్పుడూ తెరుచుకునే ఉండే నా నోరు ఆ ఒక్కసారికి మూసుకుపోయింది. ముస్తాక్ ఉలిక్కిపడి "ఆపు!" అని అరిచాడు. బ్రేకు పడింది. బండికీ కారుకీ మధ్య మూర దూరం కూడా లేదు. ఆ అమ్మాయి తిట్టలేదు, అరవలేదు. బండిని వెనక్కి లాక్కుని, వంగి, బిడ్డ కాళ్ళూ చేతులూ తడుముకుంటోంది.

"చూసినా, చూసినా. ఆపినా గదా" అంది సయీదా. ఆమె చూస్తున్నది ఆ అమ్మాయి వైపు కాదు, ఆవలి పక్క ఉన్న స్తంభం వైపు.

ఇంటికి ఎలా చేరామో నాకు తెలీదు. లోపలికి వెళ్ళగానే ఆ బొంత తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాను. "ఆకుపచ్చ ఎటువైపుంది చెప్పు" అన్నాను. నెమ్మదిగా అడగొచ్చు. నాకు నెమ్మది లేదు.

ఆమె వేళ్ళతో అంచులు తడిమింది. ఒక కొస పట్టుకుని "ఇదిగో" అంది.

"అది నీలం. ఆకుపచ్చ కాళ్ళవైపు వేశావు సయీదా."

బొంతని కంటికి ఆనించుకుని చూసింది, దూరంగా పట్టుకుని చూసింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. "ఇన్ని దినాలు ఆయన కాళ్ళమీద కప్పినానా?" అంది.

"లేదు. నువ్వు పక్కకి వెళ్ళగానే తిప్పించి కప్పుకుంటున్నాడు. జూలై నుంచి ఆయనకి తెలుసు."

సయీదా మొగుడి వైపు తిరిగింది. ఆయన టీవీ వైపు చూస్తున్నాడు. అది ఆన్‌లో కూడా లేదు. చివరికి ఆమె వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"ఆ చీటీ వచ్చిన దినం సంతోషపడినా అక్కా" అంది నాతో, ఆయన మోకాలు పట్టుకుని. "నా నాలుగు రంగులైతే ఒక్కటి తప్పినా మీరంతా పట్టేస్తారు. ఎప్పుడూ వాడని రంగులైతే తప్పు పోయినా తప్పని ఎవరికి తెలుస్తాది? కొత్తగా చేసిందిలే అనుకుంటారని చేసినా. అనుకుంటిరి గదా మీరు గూడా."

అనుకున్నాం. కార్డు కూడా ఇచ్చాం.

"జనవరిలో ఇమాద్ వస్తాడు. అప్పుడు నేనే చెప్తా. అంతదాకా నువ్వు చెప్పొద్దు. లైసెన్సు తీసేస్తారు. మమ్మల్ని క్రాన్‌బర్న్ తీసకపోయి ఒక గదిలో పెడతారు. నేను మెల్లగా నడుపుతా, పెద్ద రోడ్డు ఎక్కను. నీ కాళ్ళు పట్టుకుంటా శ్యామక్కా." నిజంగానే వంగబోయింది. నేను చేతులు పట్టుకుని ఆపి, చెప్పనని మాటిచ్చాను. ముస్తాక్ నా వైపు చూసి తల ఊపాడు. ఆయన నా మాట నమ్మాడు.

మాట రెండు రోజులు నిలిచింది. సోమవారం పొద్దున్న నేను బస్సు కోసం నిలబడ్డాను. ఎదురుగా బడిపిల్లలు చేతులు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. ఆ టైముకి వాళ్ళిద్దరూ డయాలసిస్‌కి బయలుదేరుతారు. ఆ పసిబిడ్డ కాళ్ళు తడుముకుంటున్న అమ్మాయి వీపు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇమాద్‌కి ఫోను చేశాను.

"ఆంటీ, ఎన్నాళ్ళ నుంచి ఇట్లా? వై డిడ్ నోబడీ టెల్ మీ?" అన్నాడు. ఏడుస్తున్నాడని అర్థమైంది. మర్నాడే విమానమెక్కి వచ్చాడు.

కంటి డాక్టరు పరీక్ష చేసి, కంటి వెనక రక్తం చిమ్మిందన్నాడు. పోయింది తిరిగిరాదు, మిగిలిందాన్ని లేజరుతో కాపాడతామన్నాడు. రెండేళ్ళ కింద వచ్చి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేశాడు. లైసెన్సు పోయింది. ఇమాద్ కారు కూడా అమ్మేశాడు, వాకిట్లో ఉంటే అమ్మ మళ్ళీ తాళం తీస్తుందని భయం. ఫోను చేసింది నేనేనని అమ్మకి చెప్పొద్దని నేను అడగలేదు. అడిగినా వాడు చెప్పకుండా ఉండేవాడు కాదు. క్రాన్‌బర్న్ పోదాం రండని వారం రోజులు బతిమాలాడు. ముస్తాక్ ఒప్పుకోలేదు. చివరికి రోగుల్ని తీసుకెళ్ళే వ్యానుకి పేరు రాయించి, సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు.

ఆ వ్యాను తెల్లారకముందే వచ్చేది. ఊరంతా తిరిగి అయిదారుగురిని ఎక్కించుకుని వెళ్ళేది. తోడు మనిషికి చోటు లేదు. తిరిగొచ్చేటప్పుడు అందరిదీ అయ్యేదాకా ఆగాలి. రెండున్నర మూడింటికి ఇల్లు చేరేవాడు. సయీదా ఇంట్లో ఒక్కతే కిటికీ దగ్గర కూర్చునేది. నేను బస్సు మారి మారి వెళ్ళేదాన్ని. ఆమె తలుపు తీసేది, టీ ఇచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. తనంతట తను ఒక్క మాట మాట్లాడేది కాదు. తిట్టమని మనసులో మొక్కుకున్నాను. తిట్టలేదు.

డిసెంబరులో వానలు పట్టుకున్నాయి. జనవరి రెండో వారంలో ముస్తాక్ డాక్టరుతో ఇక డయాలసిస్ వద్దన్నాడు. వాళ్ళు కూర్చోబెట్టి చెప్పారు, మానేస్తే ఎక్కువ రోజులుండవని. తెలుసన్నాడు. ఇమాద్ మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. "ఇది తప్పు నాయనా, దేవుడు ఒప్పుకోడు" అని కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. "దేవునితో నేను మాట్లాడుకుంటాలేరా" అన్నాడు తండ్రి.

నాలుగో రోజున నేను మంచం దగ్గర కూర్చున్నప్పుడు అడిగాను. నా వల్లేనా భాయ్ అని అడగలేక, "వ్యాను అంత కష్టంగా ఉందా?" అన్నాను.

"వ్యాను బాగుంటాదక్కా. డ్రైవరు మంచోడు." ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ మిషనుతో బతికేది మూడేండ్ల నుంచి నాకు ఇష్టం లేదు. పొద్దున ఇరవై అయిదు నిమిషాలు, మధ్యాన్నం ఇరవై అయిదు నిమిషాలు, ఆమె పక్కన కూచోని మాట్లాడతాంటి. దానికోసం సూదులు పొడిపించుకుంటాంటి. ఇప్పుడు ఆడ ఎవరితో మాట్లాడాల?"

నీళ్ళు తాగించి, దిండు సర్ది, వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సయీదా అక్కడే ఉంది, బియ్యం ఏరుతోంది. ఆయన మాటలు ఆమెకి వినబడి ఉంటాయి. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పోయాడు. ఆమె చేయి ఆయన చేతిలోనే ఉంది. వానలో పాతిపెట్టి వచ్చారు. ఆడవాళ్ళం ఇంట్లోనే ఉన్నాం. ఎప్పుడూ ముసిముసిగా నవ్వుకునే హైదరాబాదు ఆడవాళ్ళే ఆ రోజు వంట చేసి, ఆమె చుట్టూ కూర్చుని వచ్చీరాని తెలుగులో ఓదార్చారు. నేను గోడ పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు రాలేదు.

భర్త పోయాక వాళ్ళ ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు. ఇమాద్ అన్నాళ్ళూ ఇక్కడి నుంచే పనిచేసుకుంటూ తల్లి దగ్గరే ఉన్నాడు. నేను ఫోను చేస్తే అమ్మ పడుకుందనేవాడు. ఎప్పుడు చేసినా పడుకునే ఉండేది. గడువు తీరాక ఒక మంగళవారం, నిమ్మకాయ పులిహోర చేసుకుని, రెండు బస్సులు మారి వెళ్ళాను. మళ్ళీ వానలు లేని పొడికాలం వచ్చేసింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

తలుపు సయీదాయే తీసింది. చిక్కిపోయింది. నేను మాట్లాడేదాకా ఎవరో పోల్చుకోలేదు. నా గొంతు విని తలుపు అంచు గట్టిగా పట్టుకుంది.

"నేను చేసింది..." అని మొదలుపెట్టాను. బస్సులో వస్తూ ఎన్నో కూర్చుకున్నాను. ఆ బిడ్డ తల్లి గురించి, బడిపిల్లల గురించి, నా కారు స్వార్థం గురించి. ఆమె చెప్పనివ్వలేదు.

"నువ్వు చేసింది తప్పు కాదు శ్యామక్కా" అంది. కోపం లేకుండా, నెమ్మదిగా అంది. "ఆ యమ్మ బిడ్డ బతికుండాది. నేను చంపింటా, నాకు తెలుసు. నమాజు చేసినప్పుడంతా నీ మంచి కోరతాండా. అబద్ధం కాదు."

నా చేతిలోని గిన్నె తీసుకుంది. వేళ్ళు మూత మీద ఒకసారి ఆగాయి. పులిహోర వాసన తెలిసినట్టుంది, ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. ఆ గిన్నె మళ్ళీ నా చేతుల్లోనే పెట్టింది.

"కానీ ఇంగ మా ఇంటికి రావొద్దు" అంది, తలుపు వేసుకుంది.